రేకుల మధ్య సందు

నలభై తొమ్మిదో రోజు కర్మ ముగిసిన మర్నాడు పళ్ళ డాక్టరు మియాహారా గారు మా ఇంటికి వచ్చారు. ముందు ఇంట్లో పోయినవాళ్ళకు పెట్టుకున్న మందిరం దగ్గర కూర్చుని మా ఆయన ఫొటోకి అగరొత్తి వెలిగించారు. తర్వాత వరండాలో అత్తయ్య పక్కన కూర్చుని, టీ చల్లారేదాకా తోటవైపే చూశారు. అక్టోబరు నెల. బల్లల మీద వరసగా ఉన్న కుండీల్లో ఐరిస్ ఆకులు కొసల నుంచి ఎండుతూ వస్తున్నాయి. గోడ పక్క మడుల్లో పియోనీల ఆకులు ఎర్రబడి నేలకు వాలాయి. పువ్వులు చూసి పోయేవాళ్ళకు తెలియని తోట అది.

"కుండీల సంగతి మాట్లాడాలి" అన్నారాయన చివరికి.

ఆయన ఎందుకు వచ్చారో నాకు తెలుసు. ఈ మొక్కలు పెంచేవాళ్ళ సంఘంలో ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. మా కుమమొతో ఊరి ఐరిస్‌లు, పియోనీలు కోట కొలువులో పనిచేసినవాళ్ళు పెంచి, ఏరి, మిగిల్చిన రకాలు. వేరు ముక్క ఒక్కటి కూడా సంఘం దాటి బయటికి పోకూడదు. అమ్మకూడదు, బహుమానంగా ఇవ్వకూడదు, తోడబుట్టినవాళ్ళకైనా సరే. పెంచే మనిషి పోయాక ఆ ఇంట్లో చెయ్యి తిరిగినవాళ్ళు లేకపోతే, మొక్కలన్నీ మిగిలిన సభ్యుల ఇళ్ళకు చేరతాయి. మా ఆయన కియోతాక కూడా అలాంటి ఇళ్ళకు తోపుడుబండి తీసుకుని వెళ్ళి కుండీలు తెచ్చేవారు. ఒకసారి అలా వెళ్ళి వచ్చి అన్నం తినలేదు. "ఆ ముసలావిడ గేటు దాకా వచ్చి కుండీలకు నమస్కారం పెట్టింది" అన్నారు.

"మీకు బడి ఉంది. మీ అత్తగారికి నడుము లేదు" అన్నారు డాక్టరు గారు.

"నడుముంది డాక్టరూ. వంగిపోయింది, అంతే" అంది అత్తయ్య.

"ఒక్క పూత చూడండి. జూన్ దాకా" అన్నాను నేను.

ఆయన కప్పు కింద పెట్టారు. "టీచరమ్మా, ఇన్నేళ్ళలో మీరు ఒక్క కుండీ ముట్టుకున్నారా?"

"ఆయన ముట్టుకోనివ్వలేదు."

"అదీ నిజమే. అయినా సంఘంలో ఆడవాళ్ళు లేరు" అన్నారు.

"ఉండకూడదా?"

"కూడదని ఎవరూ అనలేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు, అంతే."

"ఇప్పుడు అడిగింది కదా. చెవులు కూడా వంగిపోయాయా?" అంది అత్తయ్య.

డాక్టరు గారు నవ్వి లేచారు. వెళ్తూ వెళ్తూ మందిరంవైపు ఇంకోసారి చూశారు. ఆ ఫొటోలో కియోతాక నోరు తెరిచి నవ్వుతున్నారు. ముందుపళ్ళ రెంటి మధ్య సందు బాగా కనిపిస్తుంది. కర్మకు అలాంటి ఫొటో పెట్టరు. ఎంతమంది చెప్పినా అత్తయ్య వినలేదు. "ఇరవై ఏళ్ళు చెప్పాను వీడికి, ఆ సందు మూసేస్తానని" అన్నారు డాక్టరు గారు చెప్పులు తొడుక్కుంటూ. "సరే. జూన్‌లో సంఘం తరఫున ముగ్గురం వస్తాం. అప్పటిదాకా నేను చూపిస్తాను, చెయ్యడం మీ పని."

ఆయన వెళ్ళాక అత్తయ్య కప్పులు తీస్తూ అంది: "ఎందుకే అమ్మాయ్ నీకీ తలనొప్పి?"

"కుండీలు వెళ్ళిపోతే ఇక్కడ కూర్చుని మీరేం చూస్తారు?"

"నిన్ను చూస్తాను" అంది. వంటింటి దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే, "నువ్వుంటే" అంది.

ఆ మాట ఎందుకన్నదో నాకు అర్థమైంది. కర్మ రోజున మా అన్నయ్య మా పుట్టింటి ఊరు అమకుస నుంచి వచ్చాడు. ప్రతి ఏడూ లాగే చిలగడదుంపల బస్తా తెచ్చాడు. అందరూ వెళ్ళాక పక్క గదిలో నాతో మాట్లాడాడు. పిల్లలు లేరు, ఇంటికి వచ్చెయ్యి, అక్కడి బడికి బదిలీ అడుగుదాం అన్నాడు. మాది కాగితం తలుపుల ఇల్లు. వినపడని మాట అంటూ ఉండదు. అత్తయ్య ఆ రోజు ఆ దుంపలతో తీపి కుడుములు చేసి అన్నయ్యకు దారికి కట్టి ఇచ్చింది. మూట ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది ఆవిడకు.

ఆ విధంగా నాకు తోట వచ్చింది. బడి నుంచి రాగానే మా ఆయన పాత ప్యాంటు తొడుక్కుని తోటలోకి దిగేదాన్ని. బట్టలు మార్చుకోవడంలోనే సగం రోజు మారిపోయినట్టు ఉండేది. పియోనీ వేళ్ళు విడదీయడం, వేరు మీది మొలక కన్ను నేలలోకి మరీ లోతుగా పోకుండా నాటడం డాక్టరు గారు దగ్గరుండి చూపించారు. ఆయన చేతులు చిన్నవి, చాలా శుభ్రమైనవి. మట్టిలో కూడా ఎవరి నోట్లోనో పెడుతున్నంత జాగ్రత్తగా పెట్టేవారు.

జనవరిలో ఒక ఉదయం మంచు గట్టిగా పడింది. నేను బడికి వెళ్ళే హడావుడిలో తోటవైపు చూడలేదు. సాయంత్రం వచ్చేసరికి డాక్టరు గారు మడుల మధ్య నిలబడి ఉన్నారు. పియోనీల మీద గడ్డి, గడ్డి మీద గోనెలు, గోనెల మీద కియోతాక దూది కోటు, రెండు పాత దుప్పట్లు.

"ఎవరు చేశారిది?"

"నేనే" అంది అత్తయ్య వరండాలోంచి. "పొద్దున్న ఎంత చలి. నా మోకాళ్ళే బిగుసుకుపోయాయి. వాటికి మోకాళ్ళు కూడా లేవు పాపం."

"అమ్మా, ఈ మొక్కకు చలే అన్నం. చలి తగలకపోతే పూయదు. మన ఊళ్ళో చలి ఉండేదే నాలుగు రోజులు. అందులో ఒకరోజు మీరు దుప్పటి కప్పేశారు."

"మగదిక్కు లేని ఇంట్లో మొక్కలకైనా కాస్త వెచ్చగా ఉండద్దా?"

డాక్టరు గారు వంగి ఒక దుప్పటి కొస పట్టుకున్నారు. ఇద్దరం కలిసి దుప్పట్లు తీశాం, గడ్డి తీశాం. దూది కోటు మాత్రం అత్తయ్య తీసుకుని, దులిపి, తను తొడుక్కుంది. చేతులు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఆ చలికాలమంతా దాన్ని విప్పలేదు. చూసినప్పుడల్లా నాకు ముందు కోటు కనిపించేది, తర్వాత ఆవిడ కనిపించేది.

మార్చి చివర పియోనీలు ఎర్రటి మొలకలు వేసి, ఏప్రిల్‌లో మొగ్గ తొడిగాయి. ఒక్కో కాడకు కొసన ఒక పెద్ద మొగ్గ, దాని కింద రెండు మూడు చిన్నవి. చిన్నవాటిని గింజంత ఉన్నప్పుడే గిల్లెయ్యాలి, అప్పుడే పెద్దది పళ్ళెమంత విచ్చుకుంటుంది. డాక్టరు గారు ఒక మొక్కకు గిల్లి చూపించి, మిగతావి నన్ను గిల్లమని చెప్పి వెళ్ళారు. నేను మొదటి మడి గిల్లాను. రెండో మడిలో ఒక కాడ దగ్గర ఆగాను. చిన్న మొగ్గలు రెండూ పెద్దదానికి ఆనుకుని ఉన్నాయి. రేపు చేద్దామనుకున్నాను. మర్నాడు బడిలో పని తెమలలేదు. ఆ తర్వాత అవి బఠానీ గింజంత అయ్యాయి. ఇక చెయ్యి రాలేదు.

ఏప్రిల్ చివర గేటు తెరిచాం. పియోనీల నెలలో, మళ్ళీ ఐరిస్‌ల నెలలో మా గేటుకు గడియ ఉండదు. ట్రాము దిగి కోట చూడడానికి వచ్చినవాళ్ళు, పక్క వీధివాళ్ళు, ప్రతి ఏడూ వచ్చే ముసలివాళ్ళు, ఎవరైనా వచ్చి చూసి పోవచ్చు. మొదటి మడిలో పువ్వులు ఎప్పటిలాగే వచ్చాయి, ఒంటి వరస రేకులు, మధ్యలో పసుపు పుప్పొడి దిండు. రెండో మడి నిండా చిన్న చిన్న పువ్వులు గుంపులుగా ఒకదాన్నొకటి తోసుకుంటూ పూశాయి.

ప్రతి ఏడూ వచ్చే ఒకావిడ రెండో మడి దగ్గర చాలాసేపు నిలబడి, "ఈసారి ఇవి బడి వదిలినప్పుడు పిల్లల్లా ఉన్నాయి" అంది. నాకు సంతోషంగానే అనిపించింది. డాక్టరు గారు సాయంత్రం వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ మడి చుట్టూ ఒకసారి తిరిగారు.

"టీచరమ్మా, మీ క్లాసులో ఎప్పుడైనా ఎవరినైనా తప్పించారా?"

"నాలుగో తరగతిలో ఎవరినీ తప్పించరండీ."

"అనుకున్నాను" అన్నారు. "నలభై ఏళ్ళు పళ్ళు పీకాను. ఏడ్చే పిల్లాణ్ణి చూసి చెయ్యి సగంలో ఆపితే వాడికే ఎక్కువ నొప్పి. సరే, పియోనీ ఓర్చుకుంటుంది. వచ్చే ఏడు మళ్ళీ బాగా పూస్తుంది. జూన్‌లో మాత్రం ఓర్చుకునే పువ్వు కాదు, ఓర్చుకునే మనుషులూ రారు. నాతో వచ్చే ఇద్దరూ నాకన్నా పెద్దవాళ్ళు."

"అంటే మాట పడిపోయినవాళ్ళేమో" అంది అత్తయ్య. "అయితే మేలే."

మే నెలంతా ఐరిస్ కుండీలకు నీళ్ళు పోస్తూ గడిపాను. అప్పటికి నాకు ఆ పని ఇష్టమైంది. మనిషి పోయిన ఇంట్లో సాయంత్రాలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నా సాయంత్రాల నిండా నీళ్ళే. నేను చెంబుతో పోస్తుంటే అత్తయ్య వరండాలోంచి "అదిగో, ఆ మూలది మర్చిపోయావు" అనేది. మర్చిపోకపోయినా అనేది. నేను మళ్ళీ పోసేదాన్ని. మేమిద్దరం అంత ఎక్కువగా మాట్లాడుకున్నది అప్పటిదాకా లేదు. పెళ్ళయిన నాటి నుంచి మా ఇద్దరి మధ్యా మాటలు ఆయన ద్వారానే నడిచేవి.

కుండీలు కాక, స్నానాల గది పక్కన నేలలో ఒక వరస నారు ఉంది. రెండేళ్ళ క్రితం కియోతాక తన చేత్తో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు రాసి, కాయ కట్టించి, ఆ గింజలు చల్లి పెంచినవి. ఆ జూన్‌లోనే అవి మొదటిసారి పూస్తాయి. ఆయన వాటి ఆకులే చూశారు, పువ్వు చూడలేదు.

నారు పూసినప్పుడు ఏరడం ఈ పెంపకంలో అసలు పని. ఆరు రేకులూ ఒకదాని అంచు మీద ఒకటి వాలి, మధ్యలో సందు లేకుండా ఉండాలి. రెండో రోజు ఇంకా పెరగాలి, వాలిపోకూడదు. కాడ పువ్వును మోయాలి. ఏది తక్కువైనా మొక్కను వేరుతో పీకి, కోసి, కాల్చెయ్యాలి. నూరు మొక్కల్లో ఒకటి మిగిలితే గొప్ప. పీకడం ఇంకొకరికి అప్పచెప్పకూడదు. విత్తినవాడే పీకాలి, వాడు లేకపోతే వాడి తోట చేస్తున్నవాళ్ళు.

ఇదివరకు ఒకసారి ఆయన పీకుతుంటే నేను వరండాలో నిలబడి అడిగాను, అంత అందంగా ఉంది కదా అని. "అందంగానే ఉంది" అన్నారు ఆయన మట్టి దులుపుతూ. "దీన్ని ఉంచితే, నా తర్వాత వచ్చేవాడు పువ్వంటే ఇలాగే ఉండాలనుకుంటాడు." ఆ రోజు ఆయన మాట నాకు కొంచెం కఠినంగా తోచింది.

జూన్ మొదట్లో వానలు పట్టాయి. నారు ఒకటొకటిగా విచ్చుకోవడం మొదలైంది. ఐరిస్ మధ్యాహ్నం దాటాక విచ్చుకుంటుంది. నేను బడి నుంచి వచ్చేసరికి ఆనాటి పువ్వులు సిద్ధంగా ఉండేవి. డాక్టరు గారు గొడుగు వేసుకుని వచ్చి వెనక నిలబడేవారు. మొదట్లో పనికిరాని పువ్వు దగ్గర ఆయన దగ్గేవారు, నేను పీకేదాన్ని. కొన్నాళ్ళకు దగ్గు రాకముందే నా చెయ్యి మొక్క మొదలు మీద ఉండేది.

"ఇది?" అనేవారు.

"కాడ వంగింది."

"ఇది?"

"రేకు పలచన."

"మీ మొగుడు ఇంత తొందరగా చెప్పేవాడు కాదు. తల గోక్కునేవాడు."

సంఘం వాళ్ళు చూడవచ్చే ప్రదర్శనకు రెండు రోజుల ముందు పెద్ద వాన. డాక్టరు గారు రాలేదు. పన్ను నొప్పి అని కబురు పంపారు. అత్తయ్య ఆ మాట విని చాలాసేపు నవ్వింది. వాన తెరిపిచ్చాక నేను స్నానాల గది పక్కకు వెళ్ళాను. వరస చివర, దాదాపు గోడ వార, ఒకటి విచ్చుకుని ఉంది.

దాని రంగు చెప్పడం నాకు రాదు. వాన వెలిసిన వెంటనే ఆసో కొండ కాసేపు కనిపించి మళ్ళీ మబ్బులోకి పోతుందే, ఆ నీలం. అంచులకు వచ్చేసరికి తెల్లబడింది. కాడ నిటారుగా, రేకు మందంగా, పువ్వు మధ్యన నాలుకల్లాంటి కొసలు పైకి లేచి ఉన్నాయి. నేను గొడుగు పక్కన పెట్టేసి మోకాళ్ళ మీద కూర్చున్నాను. అప్పుడు కనిపించింది. ముందు వైపు రెండు రేకులు కలవలేదు. వాటి మధ్యనుంచి వెనక ఉన్న తడి గోడ కనిపిస్తోంది. చిటికెన వేలు పట్టేంత సందు.

అక్టోబరులో అయితే నాకు ఆ సందు కనిపించేది కాదు.

అత్తయ్య గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. పువ్వును చూసింది, నన్ను చూసింది.

"వాడిదే కదూ?"

"ఆయన నాటిందే."

"బావుంది" అంది. నేను రేకులవైపే చూస్తుండేసరికి, "బాగాలేదా?" అంది.

"సందు ఉంది అత్తయ్యా."

ఆవిడ వంగి చూసింది. నడుము ముందే వంగి ఉంది కాబట్టి ఎక్కువ వంగక్కర్లేదు. "ఉంటే ఉంది. కుండీలోకి ఎత్తి స్నానాల గది వెనక పెట్టెయ్. ఆ సందులోకి డాక్టరు పొట్ట పట్టదు. సంఘం వాళ్ళు చూసేది ముందు గది. వచ్చామా, చూశామా, వెళ్ళామా. ఒక్క మొక్క. వాడి చేతి మొక్క ఒక్కటి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయింది?"

నేను కాదనలేదు. మొక్కను మట్టి పెళ్ళతో సహా ఎత్తి కుండీలో పెట్టి, స్నానాల గది వెనకకు తీసుకెళ్ళాను. చేతులు కడుక్కున్నాను. ఆ రోజు వంట అత్తయ్యే చేసింది. తాకానా అనే ఆవాకు ఊరగాయ జాడీ మూత తెరవలేక ఆవిడ నాకు అందించింది, నేను తెరిచి ఇచ్చాను.

దాచడం కష్టం కాదు. ఇక ప్రతి ఏడూ దానికి మట్టి మార్చాలి, వేరు చీల్చాలి, రెండు కుండీలు, నాలుగు కుండీలు. ఎప్పుడో నేను కూడా ఉండను. తోపుడుబండి తీసుకుని ఎవరో వస్తారు. కియోతాక తోటలో దొరికింది కాబట్టి ఇదే సరైన పువ్వనుకుంటారు. ఆయన పేరు మీద ఆయన ఒప్పుకోని పువ్వు మిగులుతుంది. పడుకునే ముందు ఈ ఆలోచన వచ్చాక ఇంకో ఆలోచన రాలేదు.

తెల్లవారాక వెళ్ళేసరికి అత్తయ్య అప్పటికే అక్కడ ఉంది. దూది కోటు వేసుకుని, చిన్న పీట మీద, కుండీ ఎదురుగా. రెండో రోజు పువ్వు నిన్నటికన్నా పెద్దదైంది. సందు కూడా.

"వాడి పళ్ళ మధ్య కూడా ఇలాగే ఉండేది" అంది.

"అవును అత్తయ్యా."

"చిన్నప్పుడు ఆ సందులోంచి నీళ్ళు చిమ్మేవాడు. ఇక్కణ్ణించి ఆ గోడ దాకా." కుండీ అంచు తడుముతూ, "వాడైతే ఉంచేవాడా?" అంది.

"ఉంచేవారు కాదు."

ఆవిడ తల ఊపింది. "కత్తి వరండాలో ఉంది. నిన్న నూరి పెట్టాను."

నేను వెళ్ళి కత్తి తెచ్చాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ పీట అక్కడే ఉంది, ఆవిడ లేదు. కుండీల బల్లల దగ్గర తెల్ల ఐరిస్ ముందు నిలబడి, దానితో ఏదో చెబుతున్నట్టు తల వంచి ఉంది. నేను పిలవలేదు. ముందు పువ్వును కాడతో కోసి పక్కన పెట్టాను. తర్వాత మొక్కను కుండీలోంచి లాగి, వేరు ముక్కలు చేశాను. లోపల వేరు తెల్లగా, గట్టిగా, ఏ తెగులూ లేకుండా ఉంది.

పువ్వును సన్నటి మూతి సీసాలో పెట్టి మందిరంలో ఆయన ఫొటో ముందు ఉంచాను. కోసిన పువ్వును మా వాళ్ళు ప్రదర్శనకు పెట్టరు. అది ప్రదర్శన కాదు. ఆయన నాటిన పువ్వు ఆయన చూడాలి కదా అనుకున్నాను. వేరు ముక్కలు సాయంత్రం స్నానం నీళ్ళ పొయ్యిలో వేశాం. పచ్చి వేరు, మంట కన్నా పొగ ఎక్కువ. "కళ్ళు మండుతున్నాయి" అంది అత్తయ్య ఊదుతూ. నాకూ మండాయి. ఇద్దరం వంతులవారీగా ఊదాం.

మర్నాడు శనివారం, ఒంటిపూట బడి. వచ్చి చాప గదిలో బంగారు రేకు అతికిన మడత తెర నిలబెట్టి, దాని ముందు నల్ల పలక మీద కుండీలు అమర్చాను. తెలుపు, ఊదా, గులాబి, మళ్ళీ తెలుపు. కూర్చున్న మనిషి కళ్ళకు ఎదురుగా పువ్వు రావాలి. అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఎత్తు చూసి చెప్పింది. "నా నడుముకు సరిపోయింది. నిటారుగా ఉన్నవాళ్ళ సంగతి నాకు తెలీదు" అంది.

ముగ్గురూ వచ్చారు. డాక్టరు గారి దవడ ఒకవైపు వాచి ఉంది. ముగ్గురూ గుమ్మం బయట మోకాళ్ళ మీద కూర్చుని, పువ్వులకు నమస్కారం చేసి, లోపలికి జరిగారు. చూడడం అయ్యేదాకా మాట్లాడకూడదు, పువ్వుల మీద ఊపిరి కూడా గట్టిగా వదలకూడదు. బయట చూరు నీళ్ళు పడుతున్న చప్పుడు. అందరికన్నా పెద్దాయన ఒక ఊదా పువ్వు ముందు ఎంతసేపు కూర్చున్నారంటే నిద్రపోయారేమో అని భయపడ్డాను.

చూడడం అయ్యాక ముగ్గురూ మందిరం దగ్గరికి వెళ్ళారు. అగరొత్తి వెలిగించబోతూ డాక్టరు గారు ఆగారు. సీసాలోని పువ్వు మూడో రోజుది. రేకులు కిందికి వాలుతున్నాయి. నీలం ఇంకా ఉంది.

"నారు వరసలోదా?"

"అవునండీ."

ఆయన ముందుకు వంగి చూశారు. "సందు ఉంది."

"ఉంది."

"వేరు?"

"పొయ్యిలో వేశాం."

వెనక ఉన్న ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. డాక్టరు గారు అగరొత్తి వెలిగించి, ఫొటో వంక చూశారు. ఫొటోలో కియోతాక నోరంతా తెరిచి నవ్వుతున్నారు.

"డబ్బులు కూడా వద్దన్నాను వీడికి. మూసేస్తాను రా అని."

"నేనే వద్దన్నాను" అంది అత్తయ్య. "నేను కన్నట్టే ఉండనీ అన్నాను."

"మీరు కన్నప్పుడు అసలు పళ్ళే లేవు కదమ్మా."

"నీకు మాత్రం ఉన్నాయా? ఆ దవడేంటి అలా ఉంది?"

పెద్దాయన నవ్వారు. అప్పటిదాకా ఆయన గొంతు నేను వినలేదు. డాక్టరు గారు దవడ పట్టుకుని, నా వైపు తిరిగారు.

"కియోతాక అయితే పూసిన సాయంత్రమే పీకేసేవాడు."

"నాకు తెల్లారేదాకా పట్టింది."

"తెల్లారాలి మరి" అన్నారు.

చిలగడదుంప కుడుములు తిని, టీ తాగి లేచారు. డాక్టరు గారు ఒక్క కుడుము ఒకవైపు నుంచే నమిలి తిన్నారు. చెప్పులు తొడుక్కుంటూ, ఇంటి సంగతి ఏదో చెబుతున్నట్టు అన్నారు: "వచ్చే నెల మా ఇంట్లో సంఘం కూడుతుంది. గుమ్మం దగ్గర చెప్పులకు చోటు తక్కువ. కాస్త ముందే రండి టీచరమ్మా."

గేటు దాకా వెళ్ళి సాగనంపి వచ్చాను. అత్తయ్య కుడుముల పళ్ళెం తుడుస్తోంది. "ఏమన్నాడు?" అంది, విన్నదే అయినా.

"చెప్పుల సంగతి."

"కొత్తవి కొనుక్కో" అంది.

వానలు తగ్గాక జూలైలో మట్టి మార్పు మొదలుపెట్టాం. ఐరిస్ ఒకసారి పూసిన మట్టిలో మళ్ళీ సరిగా పెరగదు. ఒక్కో కుండీ బోర్లించి, వేరు చీల్చి, కొత్త మట్టిలో నాటుతూ వస్తున్నాను. అత్తయ్య పీట మీద కూర్చుని పాత మట్టి దులుపుతోంది. తెల్ల ఐరిస్ కుండీ దగ్గరికి వచ్చేసరికి కాడ కొసన ఒక కాయ కనిపించింది, ఆకుపచ్చగా, బొటనవేలంత. వాడిన పువ్వులన్నీ నేనే తుంచేశాను. ఇదెలా తప్పించుకుందో తెలియలేదు. కాయ ఉంటే మొక్క బలమంతా దానికే పోతుంది. తుంచబోయాను.

"దాన్ని వదిలెయ్" అంది అత్తయ్య.

"కాయ కట్టింది అత్తయ్యా."

"కట్టాలనే. వాడి పువ్వు పుప్పొడి దానికి రాశాను."

నేను ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ మట్టి దులుపుతూనే ఉంది.

"ఎప్పుడు?"

"నువ్వు కత్తికి వెళ్ళినప్పుడు. వేలితోనే రాశాను. వాడు చేస్తుంటే ఎన్నిసార్లు చూడలేదు? తప్పా?"

తప్పు కాదు. పువ్వును పీకినా దాని రంగు మంచిదైతే ముందుగా పుప్పొడి తీసుకోవడం అందరూ చేసేదే. నాకు తోచలేదు, అంతే. తెల్ల ఐరిస్ రేకులు ఒకదాని మీద ఒకటి బాగా వాలే రకం. ఆవిడ ఆ కుండీ ఎంచుకుందో, చేతికి దగ్గరగా ఉందని రాసిందో నేను అడగలేదు.

"తప్పు కాదు. అయితే గింజ ముదిరేదాకా ఈ కుండీకి మట్టి మార్చకూడదు."

"మార్చకు." కాసేపు మట్టి దులిపింది. "గింజ చల్లాక రెండేళ్ళ దాకా పూయదు కదూ?"

"పూయదు. ఒక్కోసారి మూడేళ్ళు కూడా పడుతుంది."

"అయితే ఉంటావన్నమాట."

నేను ఆ కుండీని వరసలోంచి తీసి, వరండా అంచున, ఆవిడ రోజూ కూర్చునే చోటికి దగ్గరగా, నీడలో పెట్టాను. కాయకు వాన తగలకుండా చూరు ఉంది. కాడకు చిన్న పుల్ల ఊతం కట్టాను.

"సాయంత్రం అన్నయ్యకు ఫోన్ చెయ్యాలి" అన్నాను.

"ఏమని?"

"రానని."

అత్తయ్య తల ఊపింది. తర్వాతి వేరు చేతిలోకి తీసుకుని, మట్టి విదిలించి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"దుంపలు మాత్రం పంపమను" అంది. "ఇక్కడివి తీపి ఉండవు."